చదివాను, సరిగ్గా ఉంది

కుట్టు కార్ఖానా వెనకవీధి,
ఏప్రిల్ 4.

పిన్నికి,

నా పుస్తకంలోంచి ఏడో అధ్యాయాన్ని దొంగిలించారు. దొంగ ఎవరో కాదు, నువ్వే.

క్షేమమా అని అడగను. అడిగే ఓపిక లేదు. నిన్న పుస్తకాల కట్ట వచ్చింది. అమ్మ కత్తెరతో తాడు కోసింది. అట్ట మీద నా ఫొటో చూసి, "కాస్త నవ్వితే మీ బడి కమిటీ అధ్యక్షుడి సొమ్మేం పోయేది?" అంది. వీధిలో ఆడవాళ్ళు చేతులు కొంగుకు తుడుచుకుని మరీ పుస్తకం పట్టుకున్నారు. చదవడం రాకపోయినా పేజీలు తిప్పారు. లెక్కల పిల్ల కూడా వచ్చింది. తొమ్మిదో తరగతిలో అందరికంటే ముందుండేది, పలక లేకుండా నోటితోనే భాగహారాలు చేసేది, ఆ పిల్లే. ఇప్పుడు కార్ఖానాలో చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. "అక్కా, మా అమ్మ మాట్లాడిన పేజీ తియ్యి" అంది. తీయబోయాను. లేదు. ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను. లేదు. ఆ పిల్ల నా ముఖం చూసి, "పోనీలే అక్కా, మా అమ్మ మాటలు బాగుండి ఉండవు" అంది. ఆ మాటకి నేనేం జవాబు చెప్పాలో నువ్వు చెప్పు.

ఏడో అధ్యాయంలో ఏముందో నీకు గుర్తు లేకపోతే నేను చెబుతాను, విను. నా పదహారో ఏట, ఆడపిల్లలకు ఏడో తరగతి పైన చదువు దండగ అన్న బడి కమిటీ మెట్ల మీద, పదిమంది పిల్లలతో నలభై రోజులు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. నలభై ఒకటో రోజున రెండు గదులు తెరిచారు. అది ఆరో అధ్యాయం. దాన్ని ఉంచావు. అధ్యక్షుడు పళ్ళన్నీ బయటపెట్టి నాకు తాళంచెవి అందిస్తున్న ఫొటో కూడా ఉంచావు. రెండేళ్ళు తిరిగేసరికి అదే మనిషి, బడి కమిటీకి అధ్యక్షుడు, కుట్టు కార్ఖానాకు యజమాని, ఆ గదులకు తాళం వేశాడు. "నేను కాదమ్మా, తల్లులే అడిగారు" అన్నాడు. తన కార్ఖానాలో పనిచేసే అరవై మంది తల్లుల వేలిముద్రలున్న కాగితం చూపించాడు. "మా కుమార్తెలను పై తరగతులు మాన్పించి కార్ఖానా పనిలో చేర్చుకోవలసిందిగా మా అభ్యర్థన" అని ఉంది దాంట్లో. తల్లులకు చెప్పిందేమో వీధికి నీళ్ళ కుళాయి వేయమని అర్జీ అని. మొదటి వేలిముద్ర మా అమ్మది. నీ అక్కది. నిన్ను చదివించడం కోసం పన్నెండో ఏట మిషను ముందు కూర్చున్న మనిషిది.

ఇదీ ఏడో అధ్యాయం. ఇప్పుడు అచ్చులో ఆరో అధ్యాయం చివర తలుపు తెరుచుకుంటుంది. పేజీ తిప్పగానే, ఎనిమిదోది ఏడు అని పేరు మార్చుకుని వచ్చి, నేను భవిష్యత్తు గురించి ఉపన్యాసం దంచుతుంటాను. మధ్యలో తాళం ఎవరు వేశారో పుస్తకానికి తెలియదు!

మే 31న బడి హాల్లో ఆవిష్కరణ. ముఖ్య అతిథి ఆ మనిషే. విద్యాధికారి కూడా వస్తున్నాడు. అదే సభలో, ఆ రెండు గదులను కార్ఖానాకు గోడౌనుగా ఇచ్చే కాగితం మీద సంతకం పెడతాడట. ఒకసారి ఆ సంతకం పడితే మళ్ళీ బెంచీలు లోపలికి రావు, బట్టల తానులే వస్తాయి. నా పుస్తకాన్నే ఇటుకగా పెట్టి నా బడికి సమాధి కడతారు. తాపీ పని నువ్వు చేసిపెట్టావు.

అన్యాయం చేసినవాడు ఒక శత్రువు. అన్యాయాన్ని కప్పిపెట్టినవాడు ఇద్దరు శత్రువుల పెట్టు. ఎందుకు చేశావో రాయి. వెంటనే రాయి.

అగ్గిపుల్ల
(ఆ పేరు పెట్టింది నువ్వే కదా. భరించు.)


ప్రెస్సు మేడగది,
ఏప్రిల్ 11.

చిరంజీవి అగ్గిపుల్లకి,

నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. నడుం నొప్పి అలాగే ఉంది. కళ్ళద్దాలు మళ్ళీ మారాయి. అక్క మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

ఉత్తరం చదివాను. "ఒక శత్రువు, ఇద్దరు శత్రువులు" ఏ కరపత్రంలోదే? చదువుతుంటే ఉత్తరంలోంచి మైకు శబ్దం వచ్చింది. పంతొమ్మిదేళ్ళకే ఆత్మకథ రాసుకున్నదానివి. ఒక అధ్యాయం తగ్గితే కొంప మునగదు, రాసుకోవడానికి ఇంకా అరవై ఏళ్ళున్నాయి.

కారణం అడిగావు. పుస్తకం అనుకున్నదానికంటే పెరిగింది. మా లెక్క ఫారాల్లో ఉంటుంది. ఫారం అంటే పదహారు పేజీలు. ఒక ఫారం తగ్గించమని పబ్లిషరు అన్నారు. ఏడో అధ్యాయం సరిగ్గా పదహారు పేజీలు. అంతే.

ఇక దొంగతనం సంగతి. దొంగ ఎవరైతేనేం, బీరువా తాళంచెవి చేతికి ఇచ్చినవాళ్ళు వేరే ఉన్నారు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. రచయిత సంతకం లేనిదే మెషీను తిరగదు. మార్చి మొదట్లో చివరి ప్రూఫులు నీకు పంపాను. పదకొండో రోజుకి తిరిగొచ్చాయి. ప్రతి షీటు అడుగున నీ దస్తూరీతో "చదివాను, సరిగ్గా ఉంది" అని, సంతకం, తేదీ. ఒక షీటు దీంతో పంపుతున్నాను. చూసుకో. దాంట్లో ఎడమపక్క ఆరో అధ్యాయం ముగుస్తుంది. కుడిపక్క నీ ఉపన్యాసం మొదలవుతుంది. మధ్యలో నీ సంతకం, పెద్ద 'అ'తో, తోక ఇంతపొడుగున లాగి.

కోపం తగ్గాక రాయి. వేళకు తిను.

పిన్ని


కుట్టు కార్ఖానా వెనకవీధి,
ఏప్రిల్ 15.

పిన్నికి,

షీటు చూశాను. సంతకం నాదే. తోక కూడా నాదే.

ఎలా పెట్టానో చెబుతాను. దాచుకోను. ఆ రోజు సాయంత్రం షిఫ్టు వదిలే వేళకి కార్ఖానా గేటు దగ్గర కరపత్రాలు పంచాలి. ప్రూఫులు రెండు రోజుల నుంచీ సంచీలోనే ఉన్నాయి. గేటు గోడకి షీట్లు ఆనించి, ఒకదాని తరవాత ఒకటి, "చదివాను, సరిగ్గా ఉంది, చదివాను, సరిగ్గా ఉంది" అని రాసుకుంటూ పోయాను. నా పుస్తకం నాకు కంఠతా వచ్చుగదా, కొత్తగా చదివేదేముంది అనుకున్నాను. దిద్దేది మా పిన్నే గదా అని కూడా అనుకున్నాను. ఆ చేత్తోనే గేటు దగ్గరికి పోయి పంచిన కరపత్రం మీద ఏముందో తెలుసా? "చదవని కాగితం మీద వేలు పెట్టకు!" పెద్దక్షరాల్లో. నేనే రాశాను.

నవ్వుకో. మీ ప్రెస్సు మొత్తం కూర్చుని నవ్వుకోండి. అరవై మంది తల్లులను "అమాయకులు" అని రాశాను ఆ అధ్యాయంలో. మూడుచోట్ల రాశాను. వాళ్ళకి చదవడం రాదు. నాకు వచ్చు. మరి నన్నేమనాలి? నిన్న లెక్కల పిల్లకి ఈ సంగతి చెప్పాను. అది వేళ్ళ మీద లెక్కేసి, "అయితే ఇరవైరెండు సంతకాలు అక్కా. మా అమ్మ పెట్టింది ఒక్కటే" అంది. వెక్కిరింపు కాదు. ఊరికే లెక్క చెప్పింది. చెంప పగలకొట్టినా అంత తగిలేది కాదు.

నా తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు నీ వంతు.

ఫారాల కబుర్లు నాకు చెప్పకు. ఒక ఫారమే తగ్గాలంటే ఎనిమిదో అధ్యాయం ఉంది. ఉత్త ఉపన్యాసం. అదీ ఇంచుమించు అంతే ఉంటుంది. నాకే విసుగొచ్చేది. మొదటి అధ్యాయంలో నా చిన్నప్పటి జ్వరాల గురించి ఆరు పేజీలున్నాయి. ఆ జ్వరాలెవరికి కావాలి? అవన్నీ వదిలేసి నీ కత్తెర తిన్నగా ఏడో అధ్యాయం మీదికే ఎందుకు పోయింది? నా సంతకం చూపించి నా నోరు మూయించావు బాగానే ఉంది. నేనడిగిన దానికి జవాబు మాత్రం ఇవ్వలేదు.

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మిషను తొక్కితే ఎలా ఉంటాయి?

అగ్గిపుల్ల


కుట్టు కార్ఖానా వెనకవీధి,
ఏప్రిల్ 29.

పిన్నికి,

రెండు వారాలైంది. జవాబు లేదు.

చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడల్లా నాకొకటి నేర్పేదానివి, గుర్తుందా? ఏ కాగితం చేతికొచ్చినా పైనుంచి చదవకు, అడుగునుంచి చదువు, పెద్దక్షరాలు అమ్మేవాళ్ళకి, చిన్నక్షరాలు కొనేవాళ్ళకి అనేదానివి. మందు సీసాల మీద, సబ్బు కాగితాల మీద, టిక్కెట్ల వెనక, ఇద్దరం అడుగునుంచి చదివేవాళ్ళం.

మొన్న లెక్కల పిల్ల కార్ఖానాలో దారపు కండెలకు చుట్టిన కాగితం ఒకటి విప్పి, మడతలు సాపుచేసి తెచ్చింది. వేలిముద్రలు లేని ఖాళీ కాగితం. మిగిలిపోయినవాటిని కార్ఖానా గుమాస్తా కండెలకు చుట్టించాడు. అదే అభ్యర్థన. అందరూ చూసిందే, నేను వందసార్లు తిట్టిందే. కానీ ఇన్నాళ్ళూ నేను దాన్ని పైనుంచే చదివాను. ఈసారి నువ్వు నేర్పినట్టు చదివాను.

అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, అచ్చువేసిన ప్రెస్సు పేరు ఉంది.

మీ ప్రెస్సు. ప్రూఫులు చూసేది ఒక్క మనిషే ఉన్న ప్రెస్సు.

నిరుడు జూలైలో ఇది నీ బల్ల మీదికి వచ్చిందా? అవును, కాదు. ఒక్క మాట చాలు. నడుం నొప్పి గురించి రాయకు.


ప్రెస్సు మేడగది,
మే 6.

అవును.

ఒక్క మాట చాలన్నావు. ఆ ఒక్క మాట రాసి కవరు అంటించాను. మళ్ళీ చింపాను. ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించు. ఉన్నది ఉన్నట్టు చదువు.

నిరుడు జూలైలో ఒక ఉదయం, సీసా లేబుళ్ళకీ రసీదు పుస్తకాలకీ మధ్య, ఒక పేజీ ప్రూఫు వచ్చింది. మూడు తప్పులున్నాయి. అభ్యర్థనలో థకు బదులు ద పడింది. ఒకచోట చుక్క పడలేదు. మూడోది వీధి పేరు. "కార్ఖానా ఎదురువీధి" అని ఉంది. దాన్ని కొట్టేసి "వెనకవీధి" అని దిద్దాను. కంపోజిటరు, "చేత్తో రాసిన కాపీలో ఎదురువీధి అనే ఉందమ్మగారూ, మీకెలా తెలుసు?" అన్నాడు. నేను పుట్టిన వీధి నాకు తెలియదా?

అంటే అప్పటికే నాకన్నీ తెలుసు. ఎవరి పిల్లల గురించో తెలుసు. దాని మీద ఎవరి వేళ్ళు పడతాయో తెలుసు. అందులో ఏముందో మా అక్క చదవలేదని తెలుసు. మూడు తప్పులు దిద్ది, అసలు తప్పును అచ్చుకి పంపాను.

అక్కకి ఉత్తరం రాద్దామనుకున్నాను. కవరు మీద అడ్రసు కూడా రాశాను. "ప్రెస్సులో చదివింది ప్రెస్సులోనే" అంటాడు మా ఓనరు. అది వృత్తి నీతి అని నాకు నేనే చెప్పుకున్నాను. నీతీ లేదు, గీతీ లేదు. భయం. ఉద్యోగం పోతే ఈ గది పోతుంది. గది పోతే సంచీ పట్టుకుని మీ ఇంటి గుమ్మంలోకి రావాలి. నన్ను చదివించడానికి మిషనెక్కిన అక్క ముందు, చదువుకుని ఊడబొడిచింది ఇంతే అని నిలబడాలి. ఆ భయానికి అరవై మంది పిల్లల్ని తాకట్టు పెట్టాను.

ఇంతలో నీ పుస్తకం వచ్చింది. మా పబ్లిషరు నువ్వు ఏదో సభలో మాట్లాడుతుంటే విని, పట్టుబట్టి రాయించినప్పుడు ఎంత మురిశానో. తరవాత మీ బడి కమిటీ సగం కాపీలు తీసుకుంటుందని తెలిసింది. పబ్లిషరు నన్ను పిలిచి, "ఒక ఫారం తగ్గించండి. ఏదన్నది మీకే తెలుసు" అని నవ్వాడు. ఏ అధ్యాయమో చెప్పలేదు. నీ జ్వరాలు తీసేయొచ్చు. నువ్వన్నట్టు ఉపన్యాసం తీసేయొచ్చు. ఏడో అధ్యాయం చివరి వాక్యం నీకు కంఠతా వచ్చు కదా. "ఈ కాగితం రాసినవాడిది ఎంత పాపమో, తెలిసి అచ్చువేసినవాళ్ళదీ అంతే." నువ్వు మా ప్రెస్సని తెలియక రాశావు. కానీ నీ వయసుకి మించిన ఏళ్ళుగా నేను ఇతరుల వాక్యాలు దిద్దుతున్నాను. ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ దొరకలేదు. అందుకని మొత్తం తీసేశాను.

నీ సంతకం నీకు పంపింది కూడా అందుకే. నీ తప్పు వెనక నేను దాక్కున్నాను. చిన్నపిల్ల వెనక పెద్దమనిషి.

ఒక్కటి మాత్రం చేయలేకపోయాను. పని అయిపోయిన పేజీల సీసపు అక్షరాలను విడదీసి మళ్ళీ అరల్లో వేసేస్తాం, వేరే పనికి. ఏడో అధ్యాయం విడదీయనివ్వలేదు. పదహారు పేజీలూ తాడుతో కట్టించి నా బల్ల కింద పెట్టుకున్నాను. "త అక్షరం చాలడం లేదమ్మగారూ, ఆ కట్టలు విప్పనా?" అని కంపోజిటరు రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను. ఎందుకో అతనికి చెప్పలేదు. నాకూ చెప్పుకోలేదు. రోజూ పాదాలకి తగులుతూనే ఉంది.

ఇక నువ్వేమన్నా పడతాను.

పిన్ని


కుట్టు కార్ఖానా వెనకవీధి,
మే 12.

పిన్నికి,

ఏమన్నా పడతానన్నావు. పడు.

ఆ ఉత్తరం రాకముందు ఈ వీధిలో ఆడపిల్ల చదవడమంటే నీ పేరే. "పిన్నిలా అవుతావా, మిషనెక్కుతావా?" అని అడిగేది అమ్మ, నేను బడి ఎగ్గొడితే. కమిటీ మెట్ల మీద కూర్చున్న నలభై రోజులూ, ఎవడొచ్చి "ఆడపిల్ల చదివి ఏం చేస్తుంది?" అన్నా, నేను చెప్పిన జవాబు నువ్వు. ఏం చేస్తుందో ఇప్పుడు తెలిసింది. కామాలు పెడుతుంది. ఆ అధ్యక్షుడి మీద నాకు కోపం ఉందిగాని ఆశ్చర్యం లేదు. వాడి లాభం వాడు చూసుకున్నాడు. నీ మీద రెండూ ఉన్నాయి. మూడురోజులు అన్నం సయించలేదని రాద్దామనుకున్నాను, కానీ తిన్నాను. కోపానికి కూడా బలం కావాలి.

ఉత్తరం అమ్మకి చదివాను. ఉన్నది ఉన్నట్టు చదవమన్నావు. చదవలేదు. "అందులో ఏముందో మా అక్క చదవలేదని తెలుసు" అన్నచోట నా కళ్ళు ఆగాయి. అమ్మకి కష్టంగా ఉంటుందని ఆ వాక్యం దాటేసి కింది వాక్యం అందుకున్నాను. అమ్మ కాజాలు కుట్టడం ఆపి నా మణికట్టు పట్టుకుంది.

"ఏదో మింగావు."

"ఏమీ లేదమ్మా."

"నీ కళ్ళు ఒకచోట ఉన్నాయి, నోరు ఇంకోచోట ఉంది. ఆ గుమాస్తా కూడా ఇలాగే చదివాడు."

అప్పుడు చెప్పింది, ఏడాదిగా నేను అడగని సంగతి. ఆ రోజు గుమాస్తా కాగితం తెచ్చినప్పుడు ముందున్నది అమ్మే. "చదివి వినిపించండి" అని అడిగింది. వాడు చదివాడు. కుళాయి అన్నాడు, తొట్టి అన్నాడు, వీధికి రెండు పంపులన్నాడు. కళ్ళు మాత్రం కాగితం మీద కదలలేదట. "పేరాలు పేరాలు చదువుతున్నాడు, చూపు ఒక్కచోటే నాటుకుపోయింది. అప్పుడే అనుమానం వచ్చింది" అంది.

"అనుమానం వచ్చాక వేలెందుకు పెట్టావమ్మా?" అని అరిచాను.

"షిఫ్టు గంట మోగింది. వెనక వరసలో యాభైతొమ్మిది మంది. నేను జరగకపోతే వాళ్ళు మిషన్ల దగ్గరికి పోలేరు. వెళ్ళకపోతే పూట కూలి కొట్టేస్తారు. 'నువ్వు చదివింది ఇందులో లేదురా' అనడానికి నా దగ్గర ఏముంది? అనుమానం ఒక్కటే ఉంది. చదువు ఉంటే అనేదాన్ని. అందుకే గదటే నిన్ను చదివించింది!" అని, మళ్ళీ, "నీ పుస్తకంలో మమ్మల్ని అమాయకులని రాశావటగా. లెక్కల పిల్ల చెప్పింది. ఎవరే అమాయకులు? మోసపోయాం. అమాయకులం కాదు. రెండూ ఒకటా?" అంది.

పిన్నీ, కరపత్రాలు చదివి చదివి, నేను ప్రజల గురించి చాలా నేర్చుకున్నాను. వరసలో ముందు నిలబడ్డ ఒక్క మనిషిని మాత్రం ఏమీ అడగలేదు.

నీ సంగతి విన్నాక అమ్మ ఏమందో రాయమంటావా? సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్ళీ ఎక్కించింది. "మూడు తప్పులు దిద్దిందా? చిన్నప్పటి నుంచీ అంతే అది. ఇల్లు కాలిపోతుంటే కిటికీ దుమ్ము తుడిచే రకం" అంది. తరవాత, "ఆ సీసం కట్టలు ఇంకా దాని కాళ్ళ కింద ఉన్నాయేమో అడుగు" అంది.

అడుగుతున్నాను. ఉన్నాయా?

ఉంటే వేయి. పదహారు పేజీలూ విడిగా, చిన్న పుస్తకంగా. రెండు మార్పులు. "అమాయకులైన తల్లులు" అన్న మూడుచోట్లా "అడిగిన తల్లులు" అని మార్చు. అమ్మ చెప్పింది, గుమాస్తా చూపు కదలని సంగతి, ఆమె మాటల్లోనే పెట్టు. నేను రాసి పంపుతున్నాను. దీన్ని అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. నా కళ్ళు చూస్తూ వింది. ఒక్కచోట ఆపి దిద్దింది కూడా, "తొట్టి ముందన్నాడు, పంపులు తరవాత" అని. ఇక చివరి వాక్యం, అచ్చువేసినవాళ్ళ గురించి. అది తీయొద్దు.

ఈసారి ప్రూఫు పంపు. చదివే సంతకం పెడతాను.

అగ్గిపుల్ల


ప్రెస్సు మేడగది,
మే 21.

అగ్గిపుల్లకి,

ప్రూఫు అందింది. పదహారు పేజీల్లో పద్నాలుగు తప్పులు పట్టావు. వాటిలో రెండు తప్పులు కాదు, అయినా మార్చాను, నీతో వాదించే మొహం నాకెక్కడిది.

మొన్నటి మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక మెషీను తిప్పే తాత, నేను కలిసి అచ్చువేశాం. తాతకి సంగతంతా చెప్పాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఈ ప్రెస్సులో ముప్పైఏళ్ళుగా ఎవడేది తెస్తే అది వేశానమ్మా. ఒక్కటన్నా తెలుసుకుని వేద్దాం" అన్నాడు. మూడొందల ప్రతులు. అడుగున ప్రెస్సు పేరు వేయడానికి హక్కు లేదు. నా పేరు వేశాను. "నిరుడు అభ్యర్థన కాగితాన్ని తెలిసి దిద్దిన మనిషే దీన్నీ దిద్దింది" అని కూడా వేశాను. చీమ తలకాయంత కాదు. శీర్షికలకు వాడే సైజులో.

నిన్న ఓనరుకి ఒక ప్రతి నేనే ఇచ్చాను. చదివాడు. గది నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. ఇన్నేళ్ళుగా ఏ మాటకి భయపడ్డానో ఆ మాట అనడానికి ఆయనకి అర నిమిషం పట్టింది. నాకు నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది, అది వేరే సంగతి.

పుస్తకాల కట్టలు 29న పార్సిలుకి ఇస్తున్నాను. వాటితో నేనూ వస్తాను. విద్యాధికారి ముందు నిలబడి, ఈ కాగితం నా చేతి మీదుగా పోయింది, దీంట్లో కుళాయి అన్న మాట ఎక్కడా లేదు అని చెబుతాను. ఆ తరవాత అక్క గుమ్మంలోకి రానిస్తే వస్తాను. రానివ్వకపోతే లెక్కల పిల్ల వాళ్ళ అరుగు మీద పడుకుంటాను.

పిన్ని


కుట్టు కార్ఖానా వెనకవీధి,
మే 25.

పిన్నికి,

అమ్మకి నీ ఉత్తరం చదివాను, ఏమీ దాటకుండా. "దాన్ని అరుగు మీద పడుకోబెడితే నడుం నొప్పి ఎవరు వింటారు? ఇంట్లోకే రమ్మను. వచ్చాక నా నోటికొచ్చింది నేనంటాను" అంది. మంచం పక్కనున్న బట్టల మూటలు తీసి చోటు చేసింది. తిట్లు కూడా సిద్ధం చేసుకుంటోంది, నేను విన్నాను.

నా సంగతి వేరు. నీ మీద కోపం నాకు పోలేదు. పక్కన పెట్టాను, పారేయలేదు. 31 దాకా అందరి కోపమూ ఒక్క గుమ్మం ముందే ఉండాలి, నాలుగు దిక్కులా పంచుకుంటే ఎవరికీ సరిపోదు. ఆ తరవాత తీరిగ్గా పోట్లాడుకుందాం.

ఇక్కడ జరుగుతున్నది చెబుతాను. వారం రోజులుగా షిఫ్టు వదిలాక తల్లులు మా ముందుగదిలో కూర్చుంటున్నారు. లెక్కల పిల్ల అభ్యర్థన కాగితం చూపించి, "కుళాయిలో 'కు' ఇలా ఉంటుంది. ఇప్పుడు దీంట్లో ఎక్కడుందో వెతకండి" అని పరీక్ష పెట్టింది. అరవై మంది తల్లులు ఒకరి తరవాత ఒకరు వెతికారు. 'కు' దొరికిన ప్రతిచోటా "ఇదిగో" అని అరిచారు. చూస్తే 'కుమార్తెలు'. పనికి పంపే కుమార్తెలు. ఒకావిడ ఆ అక్షరం మీద వేలు పెట్టి ఎంతకీ తీయలేదు. "ఇక్కడే పెట్టించాడమ్మా నా చేత" అంది. అప్పుడు ఆ గదిలో లేచిన మాటలు మీ ప్రెస్సు అచ్చువేయదు. మా అమ్మ తిట్టినవైతే తాత కూడా అచ్చువేయడు.

గుమాస్తా నిన్న ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "సభలో గొడవ చేస్తే ఆవిష్కరణ ఆగిపోతుంది తల్లీ. నీ పుస్తకం, నీ పేరు, నీకే నష్టం" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ ఒక కాగితం తెచ్చి వాడి చేతిలో పెట్టింది. రేషను దుకాణం చీటీ. "ఇది కాస్త చదివి పెట్టండి బాబూ" అంది. వాడు చదివాడు. అమ్మ వాడి కళ్ళ వైపే చూస్తూ, "ఆఁ, ఇప్పుడు కదులుతున్నాయి" అంది. చీటీ అక్కడే పారేసి పోయాడు.

నా పుస్తకం ఆవిష్కరణ ఆగితే ఆగనీ. అట్ట మీది ఆ నవ్వని ఫొటో నాకక్కర్లేదు. నాకు కావలసింది రెండు గదులు, వాటికి తాళం లేకపోవడం, లెక్కల పిల్ల పదో తరగతి. విద్యాధికారిని ఒక్కటే అడుగుతాం. గోడౌను కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఆ తల్లుల కాగితాన్ని వాళ్ళందరి ముందూ పైకి చదవాలి. అడుగునుంచి. ఆయన కళ్ళ వైపు అరవై మంది చూస్తుంటారు. ఆ తరవాత ప్రతి తల్లీ ఏడో అధ్యాయంలోంచి తన మాట తాను చెబుతుంది. పక్కన కూతురు అక్షరాల కింద వేలు జరుపుతుంది. కాదనే ధైర్యం ఉంటే అప్పుడు కాదనమను.

నువ్వు తెచ్చే కట్టలు విప్పి పంచడానికి పదిమంది పిల్లలు సిద్ధంగా ఉన్నారు. మెట్ల మీద కూర్చున్న ఆ పదిమందే. ముగ్గురికి కార్ఖానాలో ఆ రోజు డ్యూటీ వేశారు, కావాలనే. వస్తామన్నారు. ఈ కింది నాలుగు మాటలూ పెద్ద కాగితం మీద రాసి వీధి చివర, కార్ఖానా గేటు మీద, బడి గోడ మీద అంటించాం. చింపారు. మళ్ళీ అంటించాం. అవే నీకూ రాస్తున్నాను. నువ్వూ మాలో ఒకదానివే కనక, నీకు వేరే పిలుపు లేదు.

చదివినవాళ్ళు చదవనివాళ్ళకి చెప్పండి. చెప్పేటప్పుడు ఏమీ దాటేయకండి. వేలిముద్ర వేసిన ప్రతి తల్లీ, బడి మానిన ప్రతి పిల్లా, తెలిసి ఊరుకున్న ప్రతి ఒక్కరూ రండి. సభ పదింటికి. మనం ముందే ఉండాలి. మే 31, ఆదివారం, ఉదయం తొమ్మిదింటికి, బడి గేటు దగ్గర.